గుండె లెక్కా, అడుగుల లెక్కా?

వాకర్స్ మిత్రులకు, పెద్దలకు, అక్కలకు, పొద్దుగాలే గ్రౌండ్‌కు వచ్చి ఇక్కడ కూర్చున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అందరికీ నమస్కారం.

మన వరంగల్‌లో వడ్డేపల్లి కట్ట మీద కలిసినా, భద్రకాళి బండ్ మీద కలిసినా ఈ మధ్య నన్ను అందరూ ఒకటే అడుగుతున్నారు. "సార్, మా పిలగాడు వాచీ పంపిస్త అంటున్నడు. గుండె కొట్టుకునుడు చూపెట్టేది తెప్పించుకోవాల్నా, అడుగులు లెక్కవెట్టేది సాల్తదా?" నడుస్తూ నడుస్తూ చెప్పేసే జవాబు కాదిది. కొందరు డాక్టరును అడగాల్సిన సంగతులు కూడా వాచీని అడుగుతున్నారు. ఫిజికల్ డైరెక్టర్‌గా అది చూస్తూ ఊరుకోలేక ఇవాళ ఈ విషయం ఎత్తుకున్నాను.

ముందు ఇవి ఎట్లా పనిచేస్తాయో చెప్తాను. అడుగుల బ్యాండ్‌లో కదలికను పసిగట్టే ఒక చిన్న చిప్ ఉంటుంది, యాక్సిలరోమీటర్ అంటారు. మన చెయ్యి ఊగే తీరును బట్టి అది అడుగులు లెక్కగడుతుంది. మన కాలు దానికి కనబడదు, కనబడేదల్లా మణికట్టే. గుండె లెక్క చెప్పే అసలు పరికరం ఛాతీ పట్టీ. రొమ్ము కిందుగా బిగించి కట్టుకుంటే, గుండె కొట్టుకున్న ప్రతిసారీ పుట్టే సన్నటి విద్యుత్తును చర్మం మీద నుంచి అందుకుంటుంది. ఆస్పత్రిలో ఈసీజీ తీసినప్పుడు నమోదయ్యేది కూడా ఆ విద్యుత్తే. పోలార్ అనే కంపెనీ 1977లో ఫిన్లాండ్‌లో మొదలైంది. ఛాతీ నుంచి చేతి వాచీకి వైరు లేకుండా లెక్క పంపే పరికరాన్ని 1982లో బజారుకు తెచ్చింది. మొదటి నుంచీ అది ఆటగాళ్ల వస్తువు.

ఇప్పటి వాచీల్లో చాలావరకు రెండూ చూపిస్తున్నాయి కదా అంటారు. నిజమే. వాచీ అడుగున పచ్చ లైటు మినుకుమినుకుమనడం మీరు చూసే ఉంటారు. రక్తం పచ్చ వెలుగును పీల్చుకుంటుంది. గుండె కొట్టినప్పుడు మణికట్టులోకి రక్తం ఎక్కువ వస్తుంది, వెనక్కి వచ్చే వెలుగు తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను బట్టి వాచీ గుండె వేగం చెప్తుంది. కదలకుండా కూర్చున్నప్పుడు, తిన్నగా నడుస్తున్నప్పుడు ఈ లెక్క బాగానే కుదురుతుంది. బెల్టు వదులుగా ఉన్నా, చలికి చేతులు గడ్డకట్టినా, ఒక్కసారిగా పరుగు అందుకున్నా తప్పుతుంది. గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు ఉన్నవాళ్లలో మరీ తప్పుతుంది.

ఇక అసలు సంగతి. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి సీజన్‌లో ఒక్కసారి పోయి నిలబడండి. హమాలీ అన్న బస్తా వీపు మీదికి ఎత్తుకుంటాడు. రెండు చేతులూ బస్తాను పట్టుకుని ఉంటాయి, ఊగవు. లారీ దాకా నాలుగు అంగలు, పైకి చెక్క మీద ఇంకో నాలుగు. ఆయన చేతికి అడుగుల బ్యాండ్ కడితే ఉన్న ఆ కాసిని అడుగుల్లో కూడా కొన్ని ఎగ్గొడుతుంది. ఛాతీకి పట్టీ కడితే మాత్రం బస్తా వీపుకెక్కిన క్షణం నుంచి గుండె ఎట్లా ఎగబాకుతుందో తెలిసిపోతుంది. అదే మార్కెట్‌లో అడ్తి దుకాణంలో గుమాస్తా పొద్దున తొమ్మిదికి గద్దె మీద కూర్చుంటే సాయంత్రం దాకా లేవడు. ఆయనకు గుండె పట్టీ కట్టి ఏం లాభం? నిమిషానికి డెబ్బై, డెబ్బై రెండు అని రోజంతా అదే చూపిస్తుంది. ఆయనకు కావాల్సింది "గంటైంది, లేచి నాలుగడుగులు వెయ్యి" అని గుర్తుచేసే బ్యాండ్. హమాలీ అన్న కష్టం ఎంత గట్టిదో గుండె చెప్తుంది. గుమాస్తా ఎంతసేపు కదలకుండా ఉన్నాడో బ్యాండ్ చెప్తుంది.

ఇప్పుడు మనల్ని మనం ఒక్క మాట అడుగుదాం. మన ఇబ్బంది కదలకపోవడమా, లేక బాగానే కదులుతున్నాం గానీ ఎంత గట్టిగా కదలాలో తెలియకపోవడమా?

ఇక్కడున్న పెద్దల్లో చాలామంది పొద్దున గంటసేపు నడుస్తారు. దానికి దండం పెట్టాలి. నడక అయ్యాక టీ తాగి, పేపరు చదివి, టీవీ ముందు కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికే లేస్తాం. తిని పడుకుంటాం. గంట నడిచామన్న ధైర్యంతో మిగతా రోజంతా కూర్చుంటున్నాం. ఆ పద్నాలుగు గంటల సంగతి మనకు చూపించేది అడుగుల బ్యాండే. అందుకే మీలో నూటికి తొంభై మందికి నేను చెప్పే జవాబు ఒకటే: మామూలు బ్యాండ్ తీసుకోండి. రెండు మూడు వేలలో దొరికేది సరిపోతుంది. బీడీలు చుట్టే అక్కలకు, షాపుల్లో గల్లా దగ్గర కూర్చునే అన్నలకు ఇదే మాట చెప్తాను.

బ్యాండ్ కొన్నాక పదివేల అడుగులు వెయ్యలేకపోయానని దిగులుపడకండి. ఆ పదివేలు వైద్యులు తేల్చిన లెక్క కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత జపాన్‌లో నడక మీద మోజు పెరిగింది. 1965లో అక్కడి ఒక గడియారాల కంపెనీ నడుముకు పెట్టుకునే అడుగుల మీటరు అమ్మకానికి పెట్టి, జనానికి గుర్తుండేలా పదివేలు అని ప్రచారం చేసింది. అది ప్రపంచమంతా పాకింది. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ల వయసున్న వేలమంది ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనం వచ్చింది. రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవాళ్ల కంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువ. 7,500 దాకా లాభం పెరుగుతూ పోయి, ఆ తర్వాత పెద్దగా తేడా లేదు. మూడు వేల దగ్గరున్న అమ్మ నాలుగున్నర వేలకు వస్తే అదే పెద్ద మేలు.

బ్యాండ్ చేసే తప్పులు కూడా తెలిసి ఉండాలి. కొత్తవాడలో మగ్గం మీద జంపఖానా నేసే అన్న కూర్చున్న చోటు నుంచి కదలకుండా చేతులాడిస్తుంటే, ఆ ఊపును బ్యాండ్ అడుగులుగా రాసుకోవచ్చు. గుంతల రోడ్డు మీద బండి నడిపినా అంతే. బతుకమ్మ ఆడేటప్పుడు చప్పట్లు కొట్టే చెయ్యి కూడా దాన్ని మాయ చేస్తుంది. సైకిల్ తొక్కితే హ్యాండిల్ మీద చెయ్యి కదలదు కాబట్టి ఏమీ లెక్కపెట్టదు. అందుకని పక్కింటాయన అడుగులతో మీ అడుగులు పోల్చకండి. మీ నిన్నటి లెక్కతో మీ ఇవాళ్టి లెక్క చూసుకోండి. క్యాలరీల అంకెనైతే అసలు పట్టించుకోవద్దు. 2017లో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ వాళ్లు ఏడు రకాల పరికరాలు పరీక్షిస్తే ఆరు గుండె వేగాన్ని ఐదు శాతం తేడాలోపే చూపించాయి. క్యాలరీల్లో మాత్రం అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పు చెప్పింది. వాచీ 400 క్యాలరీలు ఖర్చయ్యాయంది కదా అని హోటల్‌లో పూరీ తింటే నష్టపోయేది మనమే.

అయితే గుండె పట్టీ ఎవరికి? ఇక్కడున్న నా తమ్ముళ్లు, చెల్లెళ్లకు. పోలీసు ఉద్యోగానికి 1600 మీటర్లు, 800 మీటర్లు ప్రాక్టీసు చేస్తున్నవాళ్లకు. 2021 సెప్టెంబరులో ఇదే హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగాయి. హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లు 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తి, సునీతా రాణి 2002లో పెట్టిన జాతీయ రికార్డును దాటింది. మన పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. ఆ స్థాయి పరుగు రోజూ ఒళ్లు హూనం చేసుకుంటే రాదు. మన పిల్లలు చేసే తప్పు అదే: ప్రతి రోజూ పరీక్ష రోజులాగే పరుగెత్తుతారు, మూడు వారాలకు పిక్కలు పట్టేస్తాయి.

ఇరవై రెండేళ్ల పిల్లగాడికి 220లోంచి వయసు తీసేస్తే 198 వస్తుంది. గుండె గరిష్ఠ వేగానికి అది ఉజ్జాయింపు, మనిషిని బట్టి పది పన్నెండు అటూ ఇటూ ఉంటుంది. సులువు పరుగు రోజున 145 దాటొద్దు. ఎంత నెమ్మదిగా అనిపించినా సరే, దాటితే నడవండి. గట్టిగా 400 మీటర్ల రౌండ్లు కొట్టే రోజున మాత్రం పైకి పోనివ్వండి, రౌండ్‌కూ రౌండ్‌కూ మధ్య 120కి దిగేదాకా ఆగండి. ఈ క్రమశిక్షణ నేర్పడంలో ఛాతీ పట్టీకి సాటి లేదు. కట్టేముందు లోపలి వైపు నీళ్లతో తడపండి, లేకపోతే మొదటి పది నిమిషాలు పిచ్చి అంకెలు వస్తాయి. ఇంటికెళ్లాక మంచినీళ్లతో కడిగి ఆరేయండి, చెమట ఉప్పు దాన్ని తినేస్తుంది. ఛాతీ పట్టీ ఇబ్బందిగా ఉండే చెల్లెళ్లు మోచేతి పైన కట్టుకునే బ్యాండ్ చూడండి. మణికట్టు కంటే అది నమ్మకం. మే నెలలో మన ఎండల్లో అదే వేగానికి గుండె పది, పదిహేను ఎక్కువ కొట్టొచ్చు. అప్పుడు వేగం తగ్గించుకోవాలే తప్ప పట్టీ పాడైందనుకోవద్దు.

పెద్దలకు మళ్లీ వస్తాను. 58 ఏళ్లాయనకు అదే లెక్కన గరిష్ఠం 162, చురుకైన నడకకు 104 నుంచి 123 మధ్య ఉండాలి. కానీ బీపీకో గుండెకో మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకు ఈ లెక్క వర్తించదు. ఆ మాత్రల పనే గుండె వేగాన్ని తగ్గించడం. వాచీలో 90 దాటట్లేదని ఇంకా ఇంకా ఉరకడం ప్రమాదం. 55 చూపిస్తోందని భయపడి సొంతంగా మాత్ర మానేయడం అంతకన్నా ప్రమాదం. నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మీకు ఆ కొలత చాలు. నిమిషానికి వంద అడుగులు పడుతున్నాయా లెక్కపెట్టుకోండి, అది ఇంచుమించు అదే వేగం. వారానికి కనీసం 150 నిమిషాలు అట్లా నడవమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఛాతీలో బరువుగా ఉన్నా, ఎడమ చెయ్యి లాగినా, ఉత్తపుణ్యానికి చెమటలు పట్టినా వాచీ వైపు చూడొద్దు. అందులో 72 ఉన్నా సరే, వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. సూది గుచ్చకుండా షుగర్ చూపిస్తుందని కొన్ని వాచీలు, ఉంగరాలు అమ్ముతున్నారు. అట్లా వాటంతటవే షుగర్ కొలిచే వాచీని గానీ ఉంగరాన్ని గానీ తాము అనుమతించలేదని, వాడొద్దని అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆ అంకె చూసి ఇన్సులిన్ ఎక్కువ తక్కువ చేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మీ ఇళ్లల్లో ఎవరి చేతికైనా అలాంటిది ఉంటే ఇవాళే చెప్పండి.

ఏదీ కొనలేనివాళ్లు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. బొటనవేలి కిందుగా మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించండి, చూపుడు వేలు, నడిమి వేలు. బొటనవేలు పెట్టొద్దు, దాని నాడే కొట్టుకుని లెక్క తప్పుతుంది. ముప్ఫై సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చెయ్యండి. కొట్టుకునే తీరు ఎగుడుదిగుడుగా ఉంటే నిండు నిమిషం లెక్కపెట్టి, మరునాడు కూడా అట్లాగే ఉంటే డాక్టరుకు చూపించండి. రెండు పట్టీలు, ఒక బ్యాండ్ టేబుల్ మీద పెట్టాను. తమ్ముళ్లు వచ్చి కట్టుకుని చూడండి. పెద్దలు మీరు వేసుకునే మాత్రల పేర్లు చెప్తే, వాటిలో గుండె వేగాన్ని తగ్గించేవి ఏవో చెప్తాను.