నొక్కెన్ పోస్ట్‌కార్డు, పులిహోర డబ్బా: ఓస్లోలో మా ఆదివారం

హాయ్ అండి, ఎలా ఉన్నారందరూ? ఇక్కడ ఓస్లోలో నవంబర్ అంటే నాలుగు కొట్టేసరికి చీకటే, పైగా పొద్దున్నుంచి ఒకటే ముసురు, మా పాపేమో సోఫా మీంచి దూకుడే దూకుడు, ఇక కింద ఫ్లాట్ వాళ్ళు వచ్చి తలుపు కొట్టకముందే పులిహోర డబ్బాలో సర్దుకుని నేషనల్ మ్యూజియంకి వచ్చేశాం. 18 లోపు పిల్లలకి టికెట్ లేదు, నాకు మాత్రం ఉంది, సర్లే.

ఇదిగో ఈ పెద్ద బొమ్మ చూడండి, నార్వేలో స్టాల్‌హైమ్ అనే చోటు నుంచి కనిపించే లోయ, యొహాన్ క్రిస్టియన్ దాల్ అనే నార్వే చిత్రకారుడు వేశాడు, 1842లో. వెడల్పే దాదాపు రెండున్నర మీటర్లు. కొండ, ఇంద్రధనుస్సు, కింద ఇళ్ళు చూడాలంటే ముక్కు ఆనించాలి, అంత చిన్నవి. (గార్డు నన్నే చూస్తున్నాడు, వెనక్కి జరిగా.) అసలు విషయం ఏంటంటే ఈయన ఆ లోయ చూసింది 1826లో, వేసిందేమో పదహారేళ్ళకి, అదీ జర్మనీలో డ్రెస్డెన్‌లో కూర్చుని! పక్కన హార్డాంగర్ పెళ్ళి పడవ బొమ్మ ఉంది కదా, 1848ది, మనుషుల్ని తీడెమాన్, నీళ్ళూ కొండలూ గూడె వేశారు, వాళ్ళు చదువుకుందీ జర్మనీలోనే, డ్యూసెల్‌డార్ఫ్‌లో. నాకైతే అర్థమైపోయింది అండి, ఊరు వదిలొచ్చాకే కదా మనకీ మన ఊరి గట్టు అంత పెద్దగా కనిపించేది.

ఇంకోటి, ఈ నార్వే వాళ్ళు 1814 దాకా డెన్మార్క్ కింద, తర్వాత 1905 దాకా స్వీడన్ రాజు కింద ఉన్నారు, చదువుకున్నవాళ్ళ రాత కూడా డానిష్‌లోనే. మరి మాది అని చూపించుకోడానికి ఏముంది? కొండలు, రైతులు, కథలు. 1841 నుంచి అస్బ్యోర్న్‌సెన్, మూ అని ఇద్దరు పల్లెల్లో కథలు సేకరించి అచ్చేయించారు, వాటికి బొమ్మలేసిన వాళ్ళలో థియోడర్ కిట్టెల్సెన్ ఒకడు. ఈయన వేసిన ట్రోల్, అంటే వీళ్ళ కథల్లో రాక్షసి, ఎలా ఉంటుందో తెలుసా, అడవి కొండే లేచి నిలబడినట్టు, వీపు మీద చెట్లు మొలిచి ఉంటాయి. దాల్ కొండని పెద్దది చేస్తే ఈయన దానికి కన్ను పెట్టాడు, నాకు ఈయనే ఎక్కువ నచ్చాడు.

షాపులో పాప ఒక పోస్ట్‌కార్డు పట్టుకుని వదల్లేదు. కిట్టెల్సెన్ 1904లో వేసిన నొక్కెన్, అంటే వీళ్ళ కథల్లో నీళ్ళలో ఉండే భూతం. నల్లటి మడుగు, తెల్ల కలువలు, మధ్యలో సగం తల, రెండు తెల్లటి కళ్ళు, అంతే. పిల్లల్ని నీళ్ళలోకి లాక్కుపోతుందంట. పేరు కూడా చూడండి, మన పద్యాల్లో "నొక్కెన్" అన్నట్టే లేదూ, నీళ్ళలోకి నొక్కెన్! చెరువు దగ్గరికెళ్తే లాగేస్తది అని మా అమ్మమ్మ కూడా బెదిరించేది, కాకపోతే ఆవిడ దానికి కళ్ళు ఎలా ఉంటాయో ఎప్పుడూ చెప్పలేదు.

ఇంటికొచ్చి కార్డు ఫ్రిజ్ మీద పెట్టామా, పాప దాన్ని వెనక్కి తిప్పేసింది. రాత్రి స్నానానికి టబ్‌లో దిగనంటే దిగనంది. పేరు పెట్టి పిలిస్తే దాని బలం పోతుందని వాళ్ళ స్కూల్లో చెప్పారంట, అందుకని ఇద్దరం టబ్ అంచు పట్టుకుని నొక్కెన్, నొక్కెన్ అని అరిచాం, కింద ఫ్లాట్ వాళ్ళు ఏమనుకున్నారో మరి.