'ఏవీ' (పరిచయ వీడియో) తీయడానికి ఇంటికొస్తామన్నారు: రియాలిటీ షోల మీద ఫోన్-ఇన్

(ఈ వారం అతిథి చాలా ఏళ్లు రియాలిటీ షోలకు ఎడిటర్‌గా పనిచేశారు. ఇప్పుడు షోలకు వెళ్లేవాళ్లకూ, వాళ్ల ఇంట్లోవాళ్లకూ సలహాలిస్తున్నారు. కాలర్ల పేర్లు తీసేశాం.)

యాంకర్: నమస్కారం. లైన్లు అప్పుడే బిజీగా ఉన్నాయి, నేరుగా కాల్స్‌లోకి వెళ్లిపోదాం. హలో, చెప్పండి.

కాలర్ 1: హలో... వినపడుతోందాండీ?

యాంకర్: వినపడుతోంది సార్. మీ దగ్గర టీవీ సౌండ్ కొంచెం తగ్గించండి.

కాలర్ 1: తగ్గించాను. ఒక్కటే ప్రశ్న. ఇదంతా స్క్రిప్టే కదండీ? తిట్టుకోవడాలు, ఏడవడాలు, అన్నీ ముందే రాసిచ్చేస్తారట?

నిపుణురాలు: రాసివ్వరండి. రాసిస్తే మాకు రాత్రిళ్లు నిద్రయినా ఉండేది. డైలాగ్ రాయరు, పరిస్థితి తయారుచేస్తారు. ఇద్దరికి పడదని తెలిస్తే ఆ ఇద్దర్నే ఒక టాస్కులో జంటగా వేస్తారు. గోడ మీద గడియారం ఉండదు, సరిగ్గా నిద్ర ఉండదు. ఇంక మాటలు వాళ్లే పుట్టిస్తారు. ఆ తర్వాత మా పని. రోజంతా పదుల కెమెరాలు తిరిగితే మీ దాకా వచ్చేది గంట. నేను చేసిందే చెప్తాను. ఒకమ్మాయి రాత్రి పాట పాడింది. ఒకబ్బాయి ఆ రోజు పొద్దున నిద్ర లేవగానే ఆవలించాడు. నేను ఆ పాట పక్కన ఈ ఆవలింత పెట్టాను. తెల్లారేసరికి అతనికి కుళ్లుబోతు అని పేరొచ్చేసింది. మీరు చూసేది జరిగింది కాదండి, అతికించింది.

కాలర్ 1: మరి అది మోసమే కదా?

నిపుణురాలు: మోసమంటే 1950ల్లో అమెరికా క్విజ్ షోలది. జవాబులు ముందే చెప్పేసి ఆడించారు. చార్లెస్ వాన్ డోరెన్ అని, అప్పట్లో ఇంటింటా తెలిసిన విజేత, 1959లో అక్కడి పార్లమెంటు కమిటీ ముందు ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది అలా ఆడించడం నేరమని చట్టం చేశారు. ఆవలింతను పొద్దుటి నుంచి రాత్రికి జరిపితే మాత్రం ఏ చట్టమూ పట్టుకోదు.

కాలర్ 1: అయితే నేననేది ఏంటంటే, ఈ టీఆర్పీల కోసం... (లైన్ కట్)

యాంకర్: లైన్ కట్టయినట్టుంది. తర్వాతి కాలర్.

కాలర్ 2: నమస్తే మేడమ్. మా పాపకి తొమ్మిదేళ్లు. బాగా పాడుతుంది. అంటే మేం చెప్పుకోవడం కాదు, వాళ్ల సంగీతం టీచరే అన్నారు. నాలుగేళ్లప్పుడు కరెంటు పోతే చీకట్లో భయం వేయకుండా పాడుకునేది, మా అత్తగారు రికార్డ్ చేశారు కూడా, ఆ ఫోన్ తర్వాత పాడైపోయింది లెండి...

నిపుణురాలు: ప్రశ్న ఏంటమ్మా?

కాలర్ 2: అదే, వస్తున్నా. పిల్లల పాటల షో ఆడిషన్‌కి తీసుకెళ్లాం. పొద్దున ఏడింటికి రమ్మన్నారు. గౌనుకి నంబర్ అంటించి కూర్చోబెట్టారు. పిలిచేసరికి సాయంత్రం నాలుగు. అప్పటికి పాప నా ఒళ్లో నిద్రపోతోంది. లేపి, మొహం కడిగి పంపితే రెండు లైన్లు పాడిందో లేదో చాలన్నారు. అయిపోయిందిలే అనుకున్నా. సెలెక్ట్ అయిందన్నారు! ఇప్పుడు పంపమంటారా, వద్దంటారా?

నిపుణురాలు: పాప ఏమంటోంది?

కాలర్ 2: నేల మీద నిలవట్లేదు. వాళ్ల నాన్నేమో ఊఁ అనరు, ఉహూఁ అనరు.

నిపుణురాలు: పంపొద్దని నేనెప్పుడూ చెప్పను. పాటల షోల్లో మంచి ఉంది. శ్రుతి ఎక్కడ జారిందో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పెద్దవాళ్లు అక్కడికక్కడే చెప్తారు. లైవ్ ఆర్కెస్ట్రాతో పాడటం ఇంట్లో నేర్చుకోగలిగింది కాదు. ఓడిపోయినా పోయేదేం లేదు. జెన్నిఫర్ హడ్సన్ 2004లో అమెరికన్ ఐడల్‌లో ఏడో స్థానంలో ఇంటికెళ్లిపోయింది. 2007లో ఆస్కార్ అందుకుంది. కానీ ఒక్క మాట. కాగితం చదవకుండా సంతకం పెట్టకండి. పాప పాడింది ఎవరి సొత్తు అవుతుంది, ఎన్నాళ్లు ఇంకెక్కడా పాడకూడదు, మధ్యలో మానేస్తే ఏం కట్టాలి, ఈ మూడూ వేలు పెట్టి చూపించమనండి. పిల్లల పని గంటలకు చాలా దేశాల్లో హద్దులున్నాయి. భారతదేశంలో 2017 నిబంధనల ప్రకారం బాల కళాకారులు రోజుకు 5 గంటలకు మించి చేయకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం పాప పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. ఆడిషన్‌కే తొమ్మిది గంటలు కూర్చోబెట్టారంటే, షూటింగ్‌లో టైమ్ మీరే చూసుకోవాలి.

యాంకర్: థాంక్యూ అమ్మా. తర్వాతి...

కాలర్ 2: ఒక్క నిమిషమండీ! ఇంకోటుంది. నిన్న వాళ్లే ఫోన్ చేశారు. ఏవీ తీయడానికి ఇంటికొస్తామన్నారు. అంటే పాప గురించి చిన్న వీడియో అట, స్టేజీ మీదికి వచ్చే ముందు వేస్తారట. "ఇంట్లో ఏమైనా కష్టాలున్నాయా అమ్మా" అని అడిగారు. లేవండీ అన్నాను. "ఏదో ఒకటి ఉంటుంది కదా, ఆలోచించి చెప్పండి" అన్నారు. మా మామగారు పోయినేడాది కాలం చేశారు. పాపకి తాతయ్యంటే ప్రాణం. ఆ సంగతి నోరు జారాను. అయితే ఆయన ఫొటో ముందు పాపని కూర్చోబెట్టి, తాతయ్యతో మాట్లాడుతున్నట్టు తీద్దామన్నారు. నేను పక్కనుండి కళ్లొత్తుకుంటే బాగుంటుందన్నారు.

నిపుణురాలు: (కాస్త ఆగి) ఇదమ్మా మీ అసలు ప్రశ్న. ఇందాకే అడగాల్సింది.

కాలర్ 2: ఏమో, టీవీ వాళ్లు కదా, అలాగే ఉంటుందేమో అనుకున్నా.

నిపుణురాలు: అలాగే ఉంటుంది. నేను అలాంటివి వందలు కట్ చేశాను కాబట్టి చెప్తున్నా. కన్నీటి చుక్క చెంప మీదికి జారేదాకా షాట్ వదలకూడదు, అది జారిన క్షణంలో వయొలిన్ ఎత్తుకోవాలి. అదొక పనితనం. ఓట్లు దానికే పడతాయి, పాటకి కాదు. ఇప్పుడు ఆలోచించండి. లైట్ సరిగ్గా పడలేదని రెండో టేక్ అడుగుతారు. బయట ఏదో చప్పుడైందని మూడోది. తాతయ్య మీద బెంగని తొమ్మిదేళ్ల పిల్ల మూడో టేకులో ఎక్కడి నుంచి తెస్తుంది? నటిస్తుంది. ఆ తర్వాత నిజంగా బెంగ పుట్టినప్పుడు దానికేం మిగులుతుంది?

కాలర్ 2: (మౌనం) కాదంటే తీసేస్తారేమో మేడమ్.

నిపుణురాలు: తీసేయొచ్చు. ఎక్కువగా తీసేయరు, వేరే కథ వెతుక్కుంటారు. పాప సాధన చేసేది తీసుకోండి, టీచర్ దగ్గర కూర్చున్నది తీసుకోండి, తాతయ్య ఫొటో జోలికి రావద్దు అనండి. నోటి మాటగా కాదు, మెసేజ్ రాసి పంపండి. రాసింది ఉంటేనే రేపు మాట్లాడటానికి ఉంటుంది.

కాలర్ 2: సరే మేడమ్. మరి పంపమంటారా, వద్దంటారా?

నిపుణురాలు: అమ్మా! ఇప్పటిదాకా నేను చెప్పిందేంటి? (నవ్వు) పాప పక్కనే ఉందా? ఫోన్ ఇవ్వండి.

పాప: హలో ఆంటీ.

నిపుణురాలు: హలో నాన్నా. నీకు పాడటం ఇష్టమా, టీవీలో కనిపించడం ఇష్టమా?

పాప: రెండూ.

నిపుణురాలు: భలే. నిన్ను తీసేశారనుకో, ఏం చేస్తావు?

పాప: ఏడుస్తా.

నిపుణురాలు: ఎంతసేపు?

పాప: ...అన్నం తినేదాకా.

నిపుణురాలు: అమ్మకివ్వు. ఆఁ, పంపండమ్మా. ఏవీ సంగతి మాత్రం నేను చెప్పినట్టే. కాగితం చదవకుండా...

కాలర్ 2: సంతకం పెట్టను మేడమ్.

యాంకర్: ధన్యవాదాలు. మనకి టైమ్ చాలా తక్కువుంది. హలో?

కాలర్ 3: నేను ఓటేసినవాళ్లు ఎప్పుడూ ఓడిపోతున్నారు. అసలు మా ఓట్లు లెక్కపెడతారా?

నిపుణురాలు: బ్రిటన్‌లో డబ్బు కట్టించుకునే ఫోన్ లైన్ల గొడవ 2007లో బయటపడింది. జనం డబ్బు కట్టి ఫోన్లు చేశారు, వాటిలో చాలా కాల్స్ లెక్కలోకే రాలేదు. ఐటీవీ అనే ఛానెల్‌కి ఆఫ్‌కామ్ అనే నియంత్రణ సంస్థ 2008లో 56 లక్షల పౌండ్లకు పైగా జరిమానా వేసింది. అందుకని ఉచిత ఓటైతే సరదాకి వేయండి. డబ్బులు పోయే ఓటైతే మానేయండి.

యాంకర్: థాంక్యూ. తర్వాత ఎవరు?

కాలర్ 4: హాయ్ మేడమ్. నేను డిగ్రీ అయిపోయి వీడియోలు చేస్తుంటాను. ఒక హౌస్ షో నుంచి పిలుపొచ్చింది. నాకు టెన్షన్ ఏం లేదు, నేను నాలాగే ఉంటాను.

నిపుణురాలు: అందరూ అదే అంటారు బాబూ. 1999లో నెదర్లాండ్స్‌లో బిగ్ బ్రదర్ అనే హౌస్ షో మొదలైనప్పటి నుంచీ లోపలికి వెళ్లే ప్రతి ఒక్కరూ అదే మాట. నువ్వు నీలాగే ఉంటావు. బయటికొచ్చే "నువ్వు" మాత్రం ఎడిటింగ్ టేబుల్ మీద తయారవుతాడు. కాంట్రాక్ట్ వచ్చిందా?

కాలర్ 4: వచ్చింది. చాలా పేజీలుంది. పైపైన చూశాను.

నిపుణురాలు: పైపైన! బాబూ, నిన్ను ఎలాగైనా చూపించుకునే హక్కు వాళ్లదని ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఇక్కడి మాట, అక్కడి మాట కలిపి ఒకే వాక్యంలా అతికించే అతుక్కి మా ఫీల్డులో ఫ్రాంకెన్‌బైట్ అని పేరు. నీ మొహం కనిపించకుండా నీ గొంతు మాత్రమే వినిపిస్తోందంటే అక్కడ అతుకు ఉండొచ్చు. లాయర్‌కి చూపించి సంతకం పెట్టు. ఇంకోటి అడుగు, బయటికొచ్చాక ఎన్నాళ్లు కౌన్సెలర్‌ని ఇస్తారని. జపాన్‌లో హానా కిమురా అనే 22 ఏళ్ల రెజ్లర్, ఇంట్లో కలిసి ఉండే షోలో చేసింది. 2020లో ఆన్‌లైన్ దూషణలు తట్టుకోలేక ప్రాణం తీసుకుంది. ఆ తర్వాత 2022లో అక్కడ దూషణకు ఏడాది దాకా జైలు పడేలా చట్టం మార్చారు. బ్రిటన్‌లో షోలకి వచ్చేవాళ్ల క్షేమం చూడాలని 2021లో నిబంధన తెచ్చారు. ఎక్కడైనా ఇంతే బాబూ, ఎవరికో జరిగాక రాసుకున్నవే ఇవన్నీ.

కాలర్ 4: అంటే... వెళ్లొద్దంటారా?

నిపుణురాలు: వెళ్లు. నీ అకౌంట్ల పాస్‌వర్డులు నమ్మకమైన స్నేహితుడికిచ్చి వెళ్లు. వచ్చాక నెల రోజులు కామెంట్లు వాడే చదవాలి, నువ్వు కాదు.

యాంకర్: ఆఖరి కాల్ తీసుకుందాం. చెప్పండి సార్.

కాలర్ 5: నాకు డెబ్బై ఆరేళ్లమ్మా. రోజూ రాత్రి చూస్తాను. "ఈ చెత్త ఎలా చూస్తావు తాతా" అంటుంది మా మనవరాలు.

నిపుణురాలు: తనేం చూస్తుందండీ?

కాలర్ 5: అందులోంచి కత్తిరించిన ముక్కలే, ఫోన్లో.

నిపుణురాలు: (నవ్వు) చూడండి బాబాయి గారూ, హాయిగా చూడండి. నేనూ చూస్తాను. మామూలు మనుషులు అలగడం, మళ్లీ కలవడం, పనికి బద్ధకించడం, ఇవి సీరియల్లో మీకు దొరకవు. 2009లో సుసాన్ బాయిల్ అని, 47 ఏళ్లావిడ బ్రిటన్ షోలో స్టేజీ ఎక్కితే హాల్లో నవ్వారు. పాట ఎత్తుకోగానే లేచి నిలబడ్డారు. అది ఎవరు అతికించినా అబద్ధం కాదు. ఫైనల్లో రెండో స్థానం వచ్చింది, వెంటనే అలసటతో క్లినిక్‌లో చేరింది, అదీ నిజమే.

కాలర్ 5: బాగుందమ్మా. ఇందాక ఆవలించిన అబ్బాయి గురించి చెప్పారే, అతనేమయ్యాడు?

నిపుణురాలు: ఆ వారమే ఎలిమినేట్ అయ్యాడండి.

కాలర్ 5: తర్వాత అతనికి చెప్పారా, అది మీరు పెట్టిందని?

నిపుణురాలు: లేదండి.

యాంకర్: సమయం అయిపోయింది. మేడమ్‌కి, కాల్ చేసినవాళ్లందరికీ ధన్యవాదాలు. లైన్ దొరకనివాళ్లు వచ్చే వారం ప్రయత్నించండి.