పాత బోర్డు మీదనే కొత్త ప్రాసెసర్, కొత్త కార్డు

(అనంతపురంలో ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. "ఇరవై వేలుంది, గేములకు ఏ గ్రాఫిక్స్ కార్డు కొనాల?" అనే ప్రశ్నతోనే మీలో చాలామంది వచ్చినట్టుంది. ఆ ప్రశ్నకు తిరుగు ప్రశ్నలు మూడు. మదర్‌బోర్డు మోడల్ ఏంది? పవర్ సప్లై లేబుల్ మీద ఏం రాసుంది? మానిటర్ ఎన్ని హెర్ట్జ్, అంటే సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుంది? ఈ మూడూ అడక్కుండా కార్డు పేరు చెప్పేసే అంగడి నుంచి లేచి వచ్చేయండి.

గేము ఎందుకు తడబడుతోందో ముందు తేల్చుకోవాలి. కార్డు పనితీరు చూపే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్ ఉచితమే, ఆ లెక్కలను గేము తెర మీద చూపే రివాట్యూనర్ కూడా దాంతోపాటే వస్తుంది. తెర మూలన జీపీయూ (కార్డు మీది చిప్) వాడకం, ప్రాసెసర్‌లో ఒక్కో కోర్ వాడకం, ఫ్రేమ్ టైమ్ (ఒక్కో ఫ్రేముకు, అంటే ఒక్కో బొమ్మకు పట్టే సమయం) కనిపించేట్టు పెట్టుకోండి. ఫ్రేములను కట్టడి చేసే వీ-సింక్, ఫ్రేమ్ లిమిట్ సెట్టింగులు తీసేసి ఎప్పుడూ ఆడే మ్యాపే ఓ పావుగంట ఆడండి. జీపీయూ 97, 99 శాతం దగ్గర నిలబడి ఉంటే కార్డు చాలడం లేదని అర్థం. 60, 70 దగ్గర ఊగుతూ ఫ్రేములు పడిపోతుంటే ప్రాసెసరో, ర్యామో వెనకబడింది. అనుమానం తీరకపోతే రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించి చూడండి. ఫ్రేములు బాగా పెరిగితే లోపం కార్డుది, కదలకపోతే ప్రాసెసర్ది.

చాలామంది టాస్క్ మేనేజర్‌లో "సీపీయూ (ప్రాసెసర్) 40 శాతమే ఉందన్నా" అని చూపిస్తారు. గేములో అసలు బరువు ఒకటి రెండు థ్రెడ్ల (కోర్లలో పని నడిచే దారుల) మీదే పడుతుంది. 12 థ్రెడ్ల ప్రాసెసర్లో ఒక థ్రెడ్ పూర్తిగా నిండినా మొత్తం లెక్కలో కనిపించేది 8 శాతమే. అందుకే కోర్ల వారీగా చూడమనేది. వాలొరంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి ఎక్కువ ఫ్రేములతో ఆడేవాళ్లకు ప్రాసెసర్ ముఖ్యం. కథ నడిచే భారీ గేములకు కార్డు, దాని మెమరీ ముఖ్యం.

ర్యామ్ సంగతి ముందే చూసుకోండి. ఒకే స్టిక్ మీద నడిచే సిస్టమ్‌లు మన దగ్గర ఎన్నో. అదే రకం ఇంకో స్టిక్ జోడిస్తే డ్యుయల్ చానల్ (రెండు దారుల్లో డేటా నడవడం) వస్తుంది, తడబాటు చాలావరకు తగ్గొచ్చు. నాలుగు స్లాట్లుంటే సాధారణంగా ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి. తర్వాత బయాస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల ప్రోగ్రాంలో) ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయాలి, లేకుంటే 3200 వేగం ర్యామ్ కూడా 2133 మీదో 2400 మీదో నడుస్తూ ఉంటుంది. 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అందుకే నా మాట ఒక్కటే: చేతిలో డీడీఆర్4 రకం ర్యామ్, నడిచే బోర్డు ఉంటే వాటిని వదులుకోవద్దండి. ఆ బోర్డు మోయగలిగిన మంచి ప్రాసెసర్ వెతకండి.

ఏఎండీ ఏఎం4 సాకెట్ ఉన్న బోర్డు వాళ్లు అదృష్టవంతులు. 2017, 2018 నాటి బీ350, బీ450 బోర్డుల్లో కూడా చాలావాటి మీద రైజెన్ 5 5600 నడుస్తుంది. 6 కోర్లు, 12 థ్రెడ్లు, 65 వాట్లు. అంగట్లో "5500 కూడా అదే సార్" అంటారు. అదే కాదు. 5600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 32 ఎంబీ, 5500లోనూ 5600జీలోనూ 16 ఎంబీ మాత్రమే. పైగా ఆ రెండూ పీసీఐ (కార్డును బోర్డుకు కలిపే దారి) పాత వెర్షన్ 3.0 దగ్గరే ఆగిపోతాయి. ఇంటెల్‌లో హెచ్610 బోర్డుంటే ఐ5-12400ఎఫ్ చాలు. ఎఫ్ ఉన్నవాటిలో లోపలి గ్రాఫిక్స్ ఉండదు, కార్డు తీసేస్తే తెర నల్లగానే ఉంటుంది. హెచ్410 బోర్డులో 11వ తరం పెడదామనుకోవద్దు, 10వ తరంతో సరిపెట్టుకోవాలి. మరీ పాతవైన హెచ్61, హెచ్81 బోర్డుల మీద ఇక రూపాయి కూడా పెట్టొద్దు.

ఏఎం4లో ప్రాసెసర్ మార్చేముందు, పాతది ఉండగానే బయాస్ అప్‌డేట్ చేయాలి. బోర్డు మీద ముద్రించిన రివిజన్ నంబర్ చూసి, కంపెనీ సైట్‌లోని సీపీయూ జాబితాలో కొత్త ప్రాసెసర్ ఎదురుగా ఏ వెర్షన్ ఉందో ఆ ఫైలే దించుకోండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి అందులో వేయండి. సిస్టమ్ యూపీఎస్ మీద ఉండాలి. మధ్యలో కరెంటు పోతే, ఫ్లాష్‌బ్యాక్ బటన్ (పాడైన బయాస్‌ను మళ్లీ ఎక్కించేది) లేని బోర్డు ఇక లేవకపోవచ్చు. బిట్‌లాకర్ ఆన్‌లో (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) ఉంటే రికవరీ కీ ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి, ప్రాసెసర్ మారగానే విండోస్ అది అడగొచ్చు.

కూలర్ తీసేచోట తొందర పనికిరాదు. ఏఎం4 ప్రాసెసర్‌కు అడుగున పిన్నులుంటాయి. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య ఉండే పేస్ట్ ఎండిపోయి ఉంటే కూలర్‌ను నిలువునా లాగినప్పుడు, సాకెట్ లివర్ వేసి ఉన్నా సరే, ప్రాసెసర్ దాంతోపాటే ఊడి వస్తుంది. పిన్నులు వంగేది అప్పుడే. పది నిమిషాలు గేము ఆడి ప్రాసెసర్ వేడెక్కాక ఆపేయండి, ప్లగ్ తీయండి. కూలర్ క్లిప్పులు వదులు చేసి, దాన్ని పైకెత్తకుండా కుడికీ ఎడమకీ కొద్దికొద్దిగా తిప్పండి. పట్టు వదిలి జారినట్టు చేతికి తెలుస్తుంది, అప్పుడు ఎత్తండి. పాత పేస్ట్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది బఠాణీ గింజంత పెడితే చాలు.

ఇక పవర్ సప్లై. డబ్బా మీది పెద్దంకె కాదు, లేబుల్‌లో 12 వోల్టుల గడి చూడండి. డబ్బా మీద 450 వాట్లని రాసి ఆ గడిలో 18 ఆంపియర్లే ఉంటే, 18ని 12తో గుణిస్తే 216 వాట్లు, మీకు దక్కేది అంతే. 132 వాట్ల ఆర్‌ఎక్స్ 6600, పైన రైజెన్ 5600 కలిస్తే గేము మధ్యలో సిస్టమ్ ఠక్కున ఆగిపోవచ్చు. పాత నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి కార్డు 8 పిన్‌కు మార్చే వైర్లు వాడొద్దు, అవి కరిగిపోవచ్చు. ఎండాకాలం వోల్టేజీ పడిపోయే వీధుల్లో 200-240 వోల్టులని రాసినదానికంటే 100-240 అని రాసిన సప్లై మేలు. ఇంట్లో ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు దాని వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూసుకోండి. వేరే మోడ్‌లో కరెంటు మారేటప్పుడు ఆలస్యమై సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది.

కార్డుల్లో 1080 రిజల్యూషన్‌కి ఆర్‌ఎక్స్ 6600 ఇప్పటికీ డబ్బుకు తగ్గ కార్డే. ఆర్‌టీఎక్స్ 3050 పేరుతో రెండు దొరుకుతాయి. 6 జీబీది 70 వాట్లే, విడిగా పవర్ వైర్ అక్కర్లేదు, ఆఫీసు సిస్టమ్‌ల బలహీన సప్లైకి అది సరి. వేగంలో మాత్రం 8 జీబీదానితో సమానం కాదు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి నాలుగే పీసీఐ లేన్లు (డేటా దారులు), 4 జీబీ మెమరీ. బీ450 లాంటి పీసీఐ 3.0 బోర్డులో పెడితే మెమరీ నిండగానే చతికిలపడుతుంది. ఇంటెల్ ఆర్క్ బీ580లో 12 జీబీ చూసి ఆశపడతారు. దానికి రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సౌకర్యం) తప్పనిసరి, పైగా పాత ప్రాసెసర్ల మీద దాని డ్రైవర్ బరువు ఎక్కువై ఫ్రేములు తగ్గుతాయి. పాత బోర్డు వాళ్లకు నేను అది కొనమని చెప్పను.

సెకండ్ హ్యాండ్ కోసం బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయేవాళ్లు కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రాం ఉన్న పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకోండి. ఆర్‌ఎక్స్ 580 అని అమ్మేవాటిలో 2304 షేడర్ల (లెక్కలు చేసే చిన్న యూనిట్ల) బదులు 2048 ఉన్నవి చాలా తిరుగుతున్నాయి. పాత చిప్‌కు బయాస్ మార్చి 1050 టీఐ అని అంటగట్టే రకం కూడా ఉంది, చాలాసార్లు పేరు ముందు ఫేక్ అని జీపీయూ-జెడ్‌లోనే పడుతుంది. అరగంట భారీ గేము నడపండి. మామూలు వేడికీ హాట్‌స్పాట్‌కూ (చిప్‌లో అన్నిటికంటే వేడి చోటు) 30 డిగ్రీలకు మించి తేడా ఉంటే పేస్ట్ పోయినట్టు, ఆ మేరకు బేరం ఆడండి.

మన ఊరి ఎండకు ఇంకో పని. 25 డిగ్రీల గదిలో 70 దగ్గరుండే కార్డు, మేలో 40 డిగ్రీల గదిలో 85కు చేరుతుంది. ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ 85 శాతానికి దించండి, ఫ్రేములు పోయేది కొద్దిగానే, వేడి, ఫ్యాన్ మోత బాగా తగ్గుతాయి. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

అన్నీ బిగించాక ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) ఏమీ పెరగలేదంటే, లోపలి గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్ అయితే మొదట హెచ్‌డీఎంఐ వైర్ చూడండి, బోర్డు వెనక గుచ్చి ఉండొచ్చు. అది కార్డుకు మార్చి, మానిటర్ 144ది అయితే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 144 హెర్ట్జ్ ఎంచుకోండి. కార్డు డబ్బా, జీఎస్టీ బిల్లు పారేయొద్దు, వారంటీ కోసం బెంగళూరుకో హైదరాబాదుకో పంపాల్సి వస్తే రెండూ కావాలి. మీ బోర్డు మోడల్, సప్లై లేబుల్ ఫోటో తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి, ఒక్కొక్కటే చూద్దాం.