ఇరవయ్యో తీరు: ‘హీరో’ చూసినవాళ్ళు రాసిన చీటీల మీద నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం ఇదే హాల్లో మనం ‘హీరో’ చూశాం, ఝాంగ్ యిమౌ 2002లో తీసిన చైనా కత్తియుద్ధాల సినిమా. అయిపోగానే తలుపు దగ్గర ఒక డబ్బా పెట్టి, ఏమనిపించిందో చీటీ మీద రాసి వెయ్యండి, పేరు అక్కర్లేదు అన్నాం. ముప్పై చిల్లర చీటీలు వచ్చాయి. వారం రోజులుగా వాటినే తిరగేస్తున్నాను, బస్సులో కూడా. ఇవాళ నేను మాట్లాడేదంతా వాటి గురించే, ఎందుకంటే అందులో కొన్ని నన్ను పట్టుకుని వదల్లేదు.

పోయినవారం రానివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో చెప్పేస్తాను. చైనా ఇంకా ఒక్క దేశం కాని రోజులు. ఏడు రాజ్యాలు కొట్టుకుంటున్నాయి, చిన్ రాజ్యం మిగతావాటిని ఒక్కొక్కటిగా మింగుతోంది. ఆ రాజుని చంపాలని ముగ్గురు తిరుగుతున్నారు, సబ్‌టైటిల్స్‌లో వచ్చినట్టే చెప్తాను, స్కై, బ్రోకెన్ స్వోర్డ్, ఫ్లయింగ్ స్నో. ఒకరోజు ఒక చిన్న ఊరి అధికారి, పేరు కూడా లేనివాడు, ఆ ముగ్గుర్నీ చంపేశానంటూ వాళ్ళ ఆయుధాలు పట్టుకుని వస్తాడు. జెట్ లీ వేశాడు ఆ వేషం. ఎవర్నీ వంద అంగల లోపలికి రానివ్వని రాజు అతన్ని పది అంగల దూరంలో కూర్చోబెట్టి, ఎలా చంపావో చెప్పమంటాడు. అక్కణ్ణుంచి సినిమా అంతా ఆ ఇద్దరి మధ్య మాటలే. ఇతను ఒక కథ చెప్తాడు, రాజు నమ్మడు, ఎదురుగా ఉన్న దీపాలు రెపరెపలాడే తీరు చూసి ఇతను తన్నే చంపడానికొచ్చాడని కనిపెట్టేస్తాడు.

సరే, చీటీలు. ఎక్కువమంది రాసిన ఫిర్యాదు ఏంటంటే, “ఒకే కథని ఎన్నిసార్లు చెప్తారు, బోర్ కొట్టింది.” ఇంకొకరు “చీరల కొట్లో కూర్చున్నట్టు ఉంది, ఎర్రది, నీలంది, తెల్లది” అని రాశారు. రాసినవారు ఎవరో గాని, సినిమా గుట్టు అందులోనే పట్టేశారు. ఎరుపులో వచ్చేది పేరులేనివాడు రాజుకి చెప్పిన అబద్ధం, అసూయతో ఒకర్నొకరు చంపుకున్నారన్న కథ. నీలంలో వచ్చేది అలా కాదు ఇలా జరిగుంటుందని రాజు ఊహించుకున్నది. తెలుపులో వచ్చేది నిజంగా జరిగింది. ఆకుపచ్చ ఇంకా పాతది, బ్రోకెన్ స్వోర్డ్ తన నోటితో చెప్పుకున్న జ్ఞాపకం. రాజు చుట్టూ ఎప్పుడూ నలుపే, చిన్ రాజ్యం తనదిగా పెట్టుకున్న రంగు అది. ఒకే మనుషులు, రంగు మారగానే వాళ్ళ గుణమే మారిపోతుంది. బ్రోకెన్ స్వోర్డ్, ఫ్లయింగ్ స్నో ఎరుపులో చిన్నబుద్ధి ఉన్న ప్రేమికులు, తెలుపులో ఒకరి కోసం ఒకరు ప్రాణం ఇచ్చేవాళ్ళు. ఒకళ్ళ గురించి నలుగురు నాలుగు రకాలుగా చెప్పడం మనకేం కొత్త, ఏ ఇంట్లో తగాదా విన్నా అంతే కదా.

“ఆ పసుపు ఆకుల ఫైట్ ఒక్కటి చాలు, మిగతాది లేకపోయినా పర్లేదు” అని ఇద్దరు రాశారు. అది ఇన్నర్ మంగోలియాలో ఎడారి అంచున ఉండే పాప్లర్ చెట్ల అడవి. ఆకు పండి పసుపుపచ్చగా మారేది ఏడాదికి కొద్ది రోజులే, అందుకని ఒక మనిషిని అక్కడే ఉంచి, రంగు ఎంతవరకూ వచ్చిందో వీడియో తీసి పంపమన్నారు. రాలిన ఆకుల్ని ఊళ్ళోవాళ్ళ చేత ఏరించి, మిర్చి యార్డులో కాయలకి గ్రేడ్ వేసినట్టు గ్రేడ్లు వేయించారు. మచ్చ లేని మంచి ఆకులు ఫ్లయింగ్ స్నో వేషం వేసిన మాగీ చంగ్, బ్రోకెన్ స్వోర్డ్ పనమ్మాయిగా వేసిన ఝాంగ్ జియిల మొహాల మీదుగా ఎగరడానికి, నాసివి నేల మీద పరవడానికి. ఆ ఇద్దరూ ఎర్ర బట్టల్లో పసుపు సుడిలో తిరుగుతుంటారు, ఒకరు పడిపోగానే అడవి మొత్తం ఎర్రబడుతుంది. నేను ఇప్పటికి ఆరుసార్లు చూసి ఉంటాను, ఆ క్షణం వచ్చేసరికి ప్రతిసారీ ఊపిరి బిగపడుతుంది. సరస్సు మీద ఫైట్ సిచువాన్‌లోని జియుజాయ్‌గోలో తీశారు. నీళ్ళు అద్దంలా కదలకుండా ఉండేది రోజుకి ఏ రెండు గంటలో, దాని కోసం రోజుల తరబడి కాచుకున్నారు. కెమెరా క్రిస్టఫర్ డాయల్, బట్టలు జపాన్ డిజైనర్ ఎమీ వాడా, సంగీతం టాన్ డున్, ఫైట్ మాస్టర్ హాంకాంగ్ నుంచి వచ్చిన చింగ్ సియు తుంగ్. మన హిందీ ‘క్రిష్’కి ఫైట్లు కంపోజ్ చేసింది కూడా ఈయనే.

ఫైట్ల మీద ఒక చీటీ కొంచెం కోపంగా ఉంది. “మనుషులు గాల్లో ఎగరడం మన విఠలాచార్య ఎప్పుడో చూపించాడు, దీనికి ప్రపంచం అంతా చప్పట్లెందుకు?” నేను కత్తి కాంతారావు సినిమాలు చూసి పెరిగినవాణ్ణి, అవి నాకు ప్రాణం. కానీ ఇక్కడ ఎగరడం మాయ కాదు, మంత్రం కాదు. చైనావాళ్ళు ఈ రకం కథల్ని వూషియా అంటారు. వూ అంటే యుద్ధవిద్య, షియా అంటే రాజు కొలువులో లేకుండా, తన న్యాయం తనే మోసుకుని తిరిగే వీరుడు. సాధన చేసి చేసి ఒళ్ళు తేలికైపోయి నీటి మీద నడవగలడు, గోడ మీద పరిగెత్తగలడు అని వాళ్ళ కథల్లో ఒక ఒప్పందం. మన పురాణంలో అర్జునుడు ఒక్క బాణంతో భూమిలోంచి గంగని రప్పిస్తే మనం ఎలా అని అడగం కదా, అలాంటిదే.

ఆ సాధన ఏంటో తెలియాలంటే మొదటి ఫైట్ చూడాలి. చదరంగం ఆడుకునే ఇల్లు, పైన వాన, చూరు నుంచి ధారలు. స్కై వేషంలో డానీ యెన్ ఈటె పట్టుకుని, జెట్ లీ కత్తి పట్టుకుని ఎదురెదురుగా నిలబడతారు. పక్కన కళ్ళు కనపడని ముసలాయన తంత్రీవాద్యం వాయిస్తుంటాడు. కాసేపు కొట్టుకుని ఆగుతారు. వెళ్ళిపోబోతున్న ముసలాయన్ని ఇంకొక పాట వాయించమని అడుగుతారు. ఆయన వాయిస్తుంటే ఇద్దరూ కదలకుండా కళ్ళు మూసుకుంటారు, అప్పుడు తెర నలుపు తెలుపు అయిపోయి, యుద్ధమంతా వాళ్ళ మనసుల్లో జరుగుతుంది. ఒంటి మీద వాన పడుతూనే ఉంటుంది, చెయ్యి కదలదు. పాట ఆగగానే కళ్ళు తెరిచి, వాన చుక్కల్ని చీల్చుకుంటూ కత్తి దూసుకెళ్తుంది, ఒక్క దెబ్బతో అయిపోతుంది. ఈ ఇద్దరూ అంతకు పదేళ్ళ ముందు, 1992లో, ఇంకో సినిమాలో కొట్టుకున్నారు. అందుకే హాంకాంగ్ సినిమాలు చూసేవాళ్ళకి ఆ సీన్ అంటే అంత మురిపెం.

ఇప్పుడు అసలు చీటీకి వస్తాను. ఒకే ఒక్క వాక్యం, గట్టిగా నొక్కి రాశారు, కాగితం వెనక్కి అచ్చు పడింది. “చంపకుండా ఎందుకు వదిలేశాడు?”

పేరులేనివాడి కుటుంబాన్ని చిన్ సైన్యమే చంపింది. పదేళ్ళు ఒకే దెబ్బ సాధన చేశాడు, పది అంగల్లో తప్పని దెబ్బ. స్కై తన ఈటె ఇచ్చాడు, ఫ్లయింగ్ స్నో తన కత్తి ఇచ్చింది, అందరూ ఇతన్ని ఆ పది అంగల దాకా తీసుకురావడానికే. తీరా రాజు వెనక్కి తిరిగి నిలబడితే కత్తి పిడితో తాకి వదిలేసి వెళ్ళిపోతాడు. బ్రోకెన్ స్వోర్డ్ ఇసుకలో రాసి చూపించిన రెండు అక్షరాల వల్ల. తియాన్ షియా. ఆకాశం కింద ఉన్నదంతా అని అర్థం. ఈ ఏడు రాజ్యాల చావులు ఆగాలంటే వాటిని ఒకటి చెయ్యగలిగింది ఈ రాజొక్కడే, కాబట్టి బతకనిద్దాం అని.

చైనా ప్రేక్షకుడికి రాజు బతుకుతాడని ముందే తెలుసు, ఇది మనం గుర్తుపెట్టుకోవాలి. క్రీ.పూ. 227లో జింగ్ కె అనేవాడు మ్యాపు చుట్టలో బాకు దాచి ఈ రాజు మీదకి నిజంగానే వెళ్ళాడు. రాజు స్తంభం చుట్టూ పరిగెత్తాడు, పొడుగాటి కత్తి ఒరలోంచి రాలేదు, చివరికి ఎలాగో దూసి నరికాడు. చరిత్రకారుడు సీమా చియాన్ రాసిపెట్టిన ఈ సంగతి అక్కడ పిల్లలకి కూడా తెలుసు. పద్మవ్యూహంలోకి వెళ్ళిన అభిమన్యుడు తిరిగి రాడని మనకి తెలిసినట్టే. కాబట్టి వాళ్ళు థియేటర్లో కూర్చుని చూసింది చంపుతాడా లేదా అని కాదు, ఎందుకు చంపలేదని ఈ డైరెక్టర్ చెప్తాడో అని. ఆయన చెప్పిన కారణం చాలామందికి నచ్చలేదు. చైనాలో జనం విరగబడి చూశారు, రికార్డులు బద్దలయ్యాయి, అయినా అక్కడి మేధావులు కొందరు నిలదీశారు. లక్షలమందిని చంపినవాణ్ణి శాంతి దూతలా చూపిస్తావా, అధికారంలో ఉన్నవాళ్ళకి తల వంచమంటావా అని. 2002 డిసెంబర్‌లో ప్రీమియర్ వేసింది బీజింగ్‌లో ప్రజా మహాసభ భవనంలో, దాంతో అనుమానం ఇంకా బలపడింది. అమెరికాలో రెండేళ్ళు ఆపి 2004 ఆగస్టులో విడుదల చేస్తే మొదటివారం నంబర్ వన్‌లో నిలబడింది, చైనా భాషలో ఉన్న సినిమాకి అక్కడ అలా జరగడం అదే మొదటిసారి. అక్కడి సబ్‌టైటిల్లో తియాన్ షియాని ‘మన దేశం’ అన్న అర్థంలో వేశారు. ఆకాశం కిందున్నదంతా అనే మాట చిన్నదైపోయి దేశభక్తి నినాదంలా వినపడింది, అక్కడి విమర్శకులూ మండిపడ్డారు. మన చీటీల్లో కూడా నలుగురు ఇదే అన్నారు. “అందంగా తీసిన భజన” అని ఒకరు.

వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. ఈ డైరెక్టర్ 1994లో తీసిన ఒక సినిమాని చైనా ప్రభుత్వమే ఆపేసింది, అలాంటివాడు ఇలా తీశాడేంటి అని నాకూ మొదటిసారి గుండె కలుక్కుమంది. సాంస్కృతిక విప్లవం రోజుల్లో ఈయన్ని చదువు మాన్పించి పొలాలకి పంపారు, తర్వాత ఏళ్ళ తరబడి బట్టల మిల్లులో పనిచేశాడు. ఆ మిల్లు ఎక్కడుందో తెలుసా, షియాన్‌యాంగ్‌లో. చిన్ రాజు రాజధాని అదే ఊరు. రాజ్యం అనేది మనిషి మీద ఎంత బరువు పెడుతుందో తెలియనివాడు కాదు.

అయినా నాకు ఈ సినిమా భజన అనిపించదు, దానికి కారణం కత్తియుద్ధాల్లో లేదు, బడి సీన్‌లో ఉంది. చీటీల్లో ఒక్కరు కూడా దాని గురించి రాయలేదు.

ఆ ఏడింటిలో ఒకటైన జావో రాజ్యంలో రాత నేర్పే బడి అది. పిల్లలు పళ్ళేల్లో ఇసుక పోసుకుని, పుల్లతో అక్షరాలు దిద్దుతుంటారు. మనలో పెద్దవాళ్ళకి ఇసుకలో అక్షరాలు దిద్దిన చెయ్యి గుర్తొచ్చే ఉంటుంది. బయట చిన్ సైన్యం బారులు తీరి బాణాలు వదుల్తుంది, పైకప్పు చీల్చుకుని పడుతుంటాయి, పిల్లలు పక్కపక్కనే చచ్చిపోతుంటారు, మిగిలినవాళ్ళు లేచి పరిగెడతారు. అప్పుడు ముసలి గురువు వచ్చి మళ్ళీ తన పళ్ళెం ముందు కూర్చుంటాడు. బాణాలు మన ఊరిని కూలుస్తాయేమో గాని మన రాతని చెరపలేవు అంటాడు. పిల్లలు వెనక్కొచ్చి కూర్చుంటారు. ఆ వానలోనే లోపల బ్రోకెన్ స్వోర్డ్ ఎర్ర సిరాతో ఎనిమిది అడుగుల బట్ట మీద ‘కత్తి’ అనే అక్షరం రాస్తుంటాడు. ఆ అక్షరాన్ని పందొమ్మిది తీర్లలో రాస్తారు, అతను రాయాల్సింది ఇరవయ్యోది. ఈ సీన్ పేరులేనివాడు చెప్పిన ఎర్ర కథలోదే, నిజమే, కానీ ఆ గురువు గురించి అబద్ధం చెప్పాల్సిన అవసరం అతనికి లేదు.

ఇది వినగానే రాజు ఏమంటాడో గమనించారా? ఒక్క మాట రాయడానికి పందొమ్మిది తీర్లా, ఎంత గందరగోళం, నేను అన్నిటినీ గెలిచాక మిగతావి తీసేసి ఒక్కటే ఉంచుతాను అంటాడు. చాలా మామూలుగా, పాలన బాగుచేసేవాడిలా అంటాడు. చరిత్రలో అలాగే చేశాడు కూడా. క్రీ.పూ. 221లో ఏడు రాజ్యాలూ ఒకటయ్యాక ఒకటే లిపి, ఒకటే తూనిక, ఒకటే కొలత. క్రీ.పూ. 213లో పుస్తకాలు తగలబెట్టించాడు. అతను పోయిన కొన్నేళ్ళకే, క్రీ.పూ. 206కల్లా ఆ వంశమే లేకుండా పోయింది.

రాజుది చెడ్డ ఆలోచన అని సినిమాలో ఎవరూ అనరు. పళ్ళెం ముందు కూర్చున్న ముసలాయన్ని ముందు చూపించి, తర్వాత రాజు చేత ఆ మాట అనిపించి ఊరుకుంటారు. రాజు తీసేస్తానన్నవాటిలో ఆ పిల్లలు ప్రాణం పెట్టి రాసిన తీరు కూడా ఉంది. అక్షరం కోసం చచ్చినవాళ్ళని చూశాక ఆ మాట మనకి ఎలా వినపడాలో ఆలోచించండి. అదే రాజు చివర్లో ఆ ఇరవయ్యో తీరులో రాసిన అక్షరం చూసి, కత్తి చేతిలోనూ మనసులోనూ లేకపోవడమే అసలు విద్య అని చదువుకుని కన్నీళ్ళు పెట్టుకుంటాడు. తను అక్కర్లేదన్న రాతే అతని ప్రాణం కాపాడింది.

ఇంకొకటి. అందరం పేరులేనివాడి గురించే మాట్లాడతాం, ఫ్లయింగ్ స్నోని వదిలేస్తాం. ఆమె చివరిదాకా ఒప్పుకోదు. ఆమె తండ్రి జావో సేనాధిపతి, చిన్‌తో యుద్ధంలో చచ్చిపోయాడు. ఆకాశం కిందున్నదంతా అని ప్రేమించినవాడు చెప్తే ఆమె చెవికెక్కదు. నీ మనసులో అది తప్ప ఇంకేమీ లేదా అని కత్తి దూస్తుంది. అతను అడ్డుకోడు. పొడిచాక ఎందుకు అడ్డుకోలేదని ఎడారిలో ఆమె అరిచే అరుపుకి సినిమాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. అదే కత్తి మీదకి తనూ ఒరుగుతుంది. భజన అయితే ఆ అరుపు ఎందుకుంచుతారు? రాజు కోసం పెద్ద మనసుతో ఆలోచించినవాడి ఒళ్ళో ఆలోచించనన్నదాని శవం ఎందుకుంటుంది?

చివరికి కోటలో పేరులేనివాడి మీదకి వదిలిన వేల బాణాలు గుచ్చుకుని, మధ్యలో మనిషి ఆకారంలో ఖాళీ మిగులుతుంది. కొలువంతా చంపమని ఒక్క గొంతుతో అడుగుతుంటే రాజు మొహం చూడండి, చెన్ దావోమింగ్ ఎంత బాగా చేశాడో. తనని అర్థం చేసుకున్న ఒక్కణ్ణీ చంపించాల్సి వచ్చిన మొహం అది. రాజ్యం ఒకటైంది, యుద్ధాలు ఆగాయి, చైనా గోడ కట్టాడు అని ఆఖర్న అక్షరాలు పడతాయి, ఒప్పుకుంటాను, అవి నాకూ నచ్చవు. ఆ ఖాళీ మీదే ఆపేసి ఉంటే బాగుండేది.

చంపకుండా ఎందుకు వదిలేశాడని రాసినవారు ఈ హాల్లోనే ఉండి ఉంటారు. మీ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు, వదిలెయ్యడం సరైందని కూడా నేను అనలేను. కానీ ఆ బడి సీన్ మళ్ళీ ఒకసారి అందరం కలిసి చూద్దాం, ఏడెనిమిది నిమిషాలే ఉంటుంది. ఈసారి కత్తుల మీద కాకుండా పళ్ళేల మీద చూపు పెట్టండి. చీటీలు మళ్ళీ తలుపు దగ్గరే ఉన్నాయి. వెనకాల ఉన్న బాబూ, లైట్లు ఆపెయ్.