గుర్రపు తోకతో రాక్ సంగీతం: మోరిన్ ఖూర్ కథ

[తెర మీద: గోబి ఎడారి. ఒక తల్లి ఒంటె, దూరంగా దాని పిల్ల]

ఈ ఒంటె తన పిల్లకి పాలివ్వనంటోంది. కాన్పు కష్టమైతే కొన్ని తల్లులు ఇలా పిల్లని దగ్గరికి రానివ్వవు. అప్పుడు మంగోలియా గోబిలో పశువులు కాసేవాళ్లు ఏం చేస్తారో తెలుసా? ఒక వాద్యం తెప్పిస్తారు. ఒకరు వాయిస్తుంటే ఇంకొకరు "ఖూస్, ఖూస్" అని అదే మాట మళ్లీ మళ్లీ పాడతారు, ఒక్కోసారి గంటల తరబడి. చివరికి తల్లి కళ్లలో నీళ్లు తిరుగుతాయి, పిల్లని చేరనిస్తుంది. అత్యవసరంగా కాపాడుకోవాల్సిన ఆచారాల జాబితాలో యునెస్కో 2015లో దీన్నీ చేర్చింది.

[తెర మీద: గుర్రం తల చెక్కిన వాద్యం, దగ్గరగా]

ఆ వాద్యమే మోరిన్ ఖూర్. పైన గుర్రం తల, కింద పెట్టె, మధ్యలో రెండే తీగలు. అవీ లోహపు తీగలు కావు, గుర్రపు తోక వెంట్రుకలు! పాత లెక్క ప్రకారం మగ తీగకి మగ గుర్రం తోక నుంచి 130, ఆడ తీగకి ఆడ గుర్రం తోక నుంచి 105. ఇప్పుడు చాలామంది నైలాన్ వాడుతున్నారు.

[తెర మీద: ఎడమ చెయ్యి]

వయొలిన్‌లో తీగని వేలితో పలక మీదకి నొక్కుతాం. ఇక్కడ నొక్కరు. గోటిని తీగకి పక్కనుంచో కిందనుంచో ఆనిస్తారు, అంతే. కమానుని అరచెయ్యి పైకి పెట్టి పట్టుకుంటారు, దాని వెంట్రుకల బిగువు కూడా వేళ్లతోనే సరిచేస్తారు. ఆ గరగర, ఆ సకిలింపు అందులోంచే వస్తాయి.

పాత మోరిన్ ఖూర్ పెట్టెకి ముందువైపు తోలు ఉండేది. తేమ తగిలితే తోలు వదులవుతుంది, శ్రుతి జారుతుంది. గుడారంలో నలుగురి మధ్య వాయించుకునేటప్పుడు దాంతో పెద్ద ఇబ్బంది లేదు. థియేటర్ వేదిక మీద, ఆర్కెస్ట్రా పక్కన అంటే టెన్షనే. 1960లలో డెనిస్ యారోవోయ్ అనే రష్యన్ వాద్య నిపుణుడి సాయంతో తోలు పోయి చెక్క వచ్చింది. వయొలిన్‌కి ఉన్నట్టే మెలికల కంతలూ పెట్టారు. తీగల శ్రుతి కూడా మారింది. వెనకటికి రెండు తీగల మధ్య స-ప దూరం ఉండేది, ఇప్పుడు ఎక్కువగా స-మ.

మన దగ్గర జరిగింది దీనికి తిరగేసి. మనం వయొలిన్‌ని నేల మీదకి దించాం. బాసింపట్టు వేసుకుని, దాని కొసని చీలమండకి ఆనించి వాయించాం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో అది అచ్చం మన వాద్యమే. బయటిది మన కోసం మారింది. మంగోలియాలో మాత్రం సొంత వాద్యమే వయొలిన్ వైపు సగం దూరం నడిచింది. నష్టం లేదనను, తోలు నాదంలోని మెత్తదనం పోయింది. కానీ ఆ సగం దూరం నడవకపోతే 1992లో ప్రభుత్వ మోరిన్ ఖూర్ బృందం పుట్టడం, జానపదాలతో పాటు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్నీ వాయించడం కష్టమయ్యేది.

[తెర మీద: తోలు జాకెట్లు, ఎలక్ట్రిక్ మోరిన్ ఖూర్]

ఇక వీళ్లు ద హు. 2016లో ఉలాన్‌బాతర్‌లో మొదలైన బ్యాండ్. సంగీతం చదువుకుని వచ్చినవాళ్లే. మోరిన్ ఖూర్‌ని కరెంటుకి తగిలించారు, గొంతు లోతుల్లోంచి పాడే ఖూమీని జోడించారు, వెనక డ్రమ్స్ మోగించారు. దానికి హున్ను రాక్ అని పేరు పెట్టుకున్నారు (హున్ను అంటే పూర్వం అక్కడ ఏలిన సంచార జాతి). 2018లో వచ్చిన "యువే యువే యు" వీడియోని యూట్యూబ్‌లో పది కోట్లకు పైగా చూశారు. చూసినవాళ్లు అది యుద్ధ గీతం అనుకుంటారు. నిజానికి అందులో ఉన్నది చురక: తింటూ తాగుతూ కూర్చుని పూర్వీకుల పేరు చెప్పుకునేవాళ్ల మీద. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే రకం ఉంటారే, వాళ్లని.

ఈసారి ఆ వీడియో పెట్టుకుంటే మిగతా వాద్యాల సంగతి వదిలేసి, మోరిన్ ఖూర్ వాయించేవాళ్ల ఎడమ చెయ్యి చూడండి. తీగని నొక్కరు. ఒంటె పక్కన కూర్చున్నవాళ్లలాగే గోరు ఆనిస్తారు.