సెలవు చీటీ రెండో కాపీ

అన్నలకు, అక్కలకు నమస్కారం. షిఫ్ట్ దిగి ఇంటికి పోవాల్సినవాళ్లు నా కోసం ఆగారు. సూటిగా చెప్పేస్తాను.

నేను తొమ్మిదేళ్లు ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేశాను. మానేసిన రోజు ఆ నెల జీతం తప్ప పైసా రాలేదు. మిగిలిన సెలవులకు డబ్బు అడగొచ్చని నాకు తెలియదు. సెలవంటే సూపర్‌వైజర్ దయ అనుకునేదాన్ని.

దయ కాదక్కా. ఇరవై రోజుల పనికి ఒక రోజు జీతంతో సెలవని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉంది. దానికి ఏడాదిలో 240 రోజులు పనిచేసి ఉండాలనేవారు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టం, అంటే కొత్త కోడ్, దాన్ని 180 చేసింది. 300 రోజులు డ్యూటీ చేస్తే 15 రోజులు మీవి. వారాంతపు సెలవు, పండగ సెలవులు ఇందులో కలపకూడదు.

"మేం కాంట్రాక్టు వాళ్లం, మాకెక్కడివి?" అంటారు. పాత ఫ్యాక్టరీల చట్టంలోనూ, కొత్త కోడ్‌లోనూ కాంట్రాక్టరు ద్వారా చేరినవాళ్లూ కార్మికులే. నాకు ఒళ్లు మండేది ఒక్కటే. కాంట్రాక్టరు పేరు మారుతుంది, మనిషి అదే మెషీన్ దగ్గర ఉంటాడు, రోజుల లెక్క మాత్రం మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతారు. అందుకే మీ లెక్క మీ దగ్గర ఉండాలి.

నాతో పనిచేసిన ఒక అక్క గోడ క్యాలెండర్ మీద పాల లెక్క నీలం పెన్నుతో రాసేది. డ్యూటీకి వెళ్లిన తేదీకి ఎర్ర సున్నా చుట్టేది. డిసెంబరు ఆఖర్న ఆ క్యాలెండర్ చుట్ట చుట్టి ఆఫీసుకు పట్టుకెళ్లింది. హాజరులో పదకొండు రోజులు తక్కువ పడ్డాయి. పే స్లిప్పులు పక్కన పెట్టి చూపిస్తే దిద్దారు.

"ఆర్డర్ ఉంది, సెలవు కుదరదు" అంటారు కదా? నోటితో అడిగితే అక్కడితోనే పోతుంది. పదిహేను రోజుల ముందే చీటీ రాసివ్వండి, రెండో కాపీ మీద సంతకం పెట్టించుకోండి. ఎందుకంటే వాడుకోని సెలవుల్లో మరుసటి ఏడాదికి మామూలుగా 30 రోజులే వెళ్తాయి. పద్ధతిగా అడిగినా ఇవ్వని సెలవుకు ఆ హద్దు లేదు. మానేసినా, తీసేసినా మిగిలిన సెలవులకు డబ్బు కట్టాల్సిందే. మనిషి పోతే ఇంటివాళ్లకు ఇవ్వాలి.

ఆ టేబుల్ మీద ఖాళీ చీటీలున్నాయి. రాయడం రానివాళ్లకు తమ్ముళ్లు రాసిపెడతారు. పే స్లిప్పులు తెచ్చినవాళ్లు నా దగ్గరికి రండి.