అవ్వ నిన్న ఎట్లా ఉండిందమ్మా?

అందరికీ నమస్కారం. నైట్ డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికి వచ్చిన నర్సు పిల్లలు కూడా ముందు వరసలో కనిపిస్తున్నారు. అందుకే ఉపోద్ఘాతం లేకుండా ఒక తాత సంగతితో మొదలుపెడతాను.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. 40 పడకల వార్డు, రాత్రికి ఇద్దరం నర్సులం. తుంటి ఎముక ఆపరేషన్ అయిన మూడో రోజు ఒక తాత రాత్రి పదకొండు నుంచి గోల మొదలుపెట్టాడు. మంచం దిగబోతాడు, మూత్రానికి వేసిన క్యాథెటర్ ట్యూబు లాగుతాడు, "ఎద్దులు కట్లు తెంచుకున్నాయి, నేను పోవాల, వదలండి" అని అరుస్తాడు. పక్క మంచాల వాళ్లు విసుక్కుంటున్నారు. నాకు టెన్షన్ పెరిగిపోయి, బ్యాండేజీ గుడ్డతో ఆయన రెండు చేతులూ మంచానికి కట్టేశాను. తెల్లవార్లూ అరిచాడు. పొద్దున డ్యూటీకి వచ్చిన సీనియర్ సిస్టర్ దుప్పటి ఎత్తి చూసింది. ట్యూబు ఆయన తొడ కింద మడతపడి ఉంది. యూరిన్ బ్యాగ్‌లో రాత్రి నుంచి చుక్క పడలేదు. పొత్తికడుపు రాయిలా ఉబ్బిపోయి ఉంది. మడత తీసిన గంటలోపే తాత నిద్రపోయాడు.

ఆయన చేతులు పదే పదే ఆ ట్యూబు దగ్గరికే ఎందుకు పోతున్నాయో రాత్రంతా నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన మణికట్ల మీద పడిన ఎర్రటి గీతలు ఇప్పటికీ నా కళ్లలోనే ఉన్నాయి.

ఆ తాతకు వచ్చింది డెలీరియం, అంటే ఉన్నట్టుండి మతి తప్పడం. మన పెద్దవాళ్లకు ఇది కొత్త కాదు. జ్వరం ముదిరి ఏదేదో మాట్లాడుతుంటే "సంధి పుట్టింది" అనేవాళ్లు. సంధి ప్రేలాపన అనే మాట అక్కడిదే. ఇప్పుడది తిట్టుగా మిగిలింది, జబ్బు పేరన్న సంగతి మరిచిపోయాం. ఆ మాటను గమనించండి. సంధి పుడుతుంది. మతిమరుపు అట్లా పుట్టదు, మెల్లగా కమ్ముకుంటుంది. ఆ మతిమరుపు జబ్బు, డిమెన్షియా, నెలల మీద, ఏళ్ల మీద వస్తుంది. డెలీరియం గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. పొద్దున మామూలుగా మాట్లాడిన మనిషి సాయంత్రానికి గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు. దానికి కారణం చాలాసార్లు ఒంట్లోనే ఉంటుంది. యూరిన్ ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, నీళ్లు తక్కువ కావడం, సోడియం పడిపోవడం, షుగర్ పడిపోవడం, నొప్పి, మలబద్ధకం, నిద్రమాత్రలు, రోజూ తాగే మనిషికి మందు ఒక్కసారిగా ఆగిపోవడం.

మన దేశంలో 60 ఏళ్లు దాటిన వాళ్లలో సుమారు 7.4 శాతం మందికి, అంటే 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. డెలీరియం ఎక్కువగా పట్టుకునేది వీళ్లనే. మనం పొరపడేది కూడా వీళ్ల దగ్గరే. "ఆమెకు ముందు నుంచీ మతిమరుపే కదా" అనుకుని వదిలేస్తాం. ఆ వెనక న్యుమోనియా ముదురుతూ ఉంటుంది.

కాబట్టి అడ్మిషన్ అప్పుడే కూతురినో కోడలినో పక్కకు పిలిచి అడగండి. "అవ్వ నిన్న ఎట్లా ఉండిందమ్మా? మొన్న తన చేత్తో తినిందా? నిన్ను పేరు పెట్టి పిలిచిందా?" కేస్ షీట్‌లో లేనిది ఆ అమ్మాయికి తెలుసు. "మొన్నటిదాకా బాగుండింది సిస్టర్" అని ఆమె అంటే వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయండి. బీపీ పడిపోతే ఎట్లా చేస్తారో అట్లాగే.

మన తిరుపతిలో ఇది మరీ అవసరం. దర్శనానికని ఎక్కడెక్కడి నుంచో పెద్దవాళ్లు వస్తారు. రాత్రంతా ప్రయాణం, నిద్ర లేదు. క్యూలో బాత్రూమ్‌కు పోవాల్సి వస్తుందని నీళ్లు తాగరు. షుగర్ మాత్ర వేసుకుని తినకుండా నిలబడతారు. అట్లాంటి పెద్దాయన మన దగ్గరికి వచ్చి కన్నడంలోనో మరాఠీలోనో ఏదో అంటుంటే, ముందు గ్లూకోమీటర్ తీయండి. మతి చలించిందని తర్వాత అనుకోవచ్చు.

డెలీరియంను గుర్తుపట్టడానికి అమెరికా డాక్టర్ షారన్ ఇనూయి 1990లో ఒక పద్ధతి ఇచ్చారు. మార్పు హఠాత్తుగా వచ్చి, తగ్గుతూ పెరుగుతూ ఉండాలి. ధ్యాస నిలవకూడదు. ఈ రెండింటితో పాటు మాట పొంతన లేకుండా పోవడమో, మెలకువలో తేడానో ఉండాలి. ధ్యాస చూడటానికి నేను "శనివారం నుంచి వెనక్కి చెప్పు తాతా" అంటాను. చదువు లేకపోయినా వారాలు అందరికీ తెలుసు. డెలీరియం ఉన్నవాళ్లు శనివారం, శుక్రవారం అని, ఇక అక్కడే ఎటో వెళ్లిపోతారు.

అరిచే మనిషి కనీసం మన కంట్లో పడతాడు. నా భయమంతా అరవని వాళ్ల గురించే. మగతగా పడుకుని, పిలిస్తే ఊ అని, మళ్లీ కళ్లు మూసుకునే అవ్వను వార్డులో అందరూ "పాపం, ఏ ఇబ్బందీ పెట్టదు" అంటారు. అదీ డెలీరియమే. దాన్నే ఎక్కువగా చూడకుండా వదిలేస్తాం. మగతలో ఉన్నప్పుడు జావ కూడా పట్టకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బాగా మెలకువ వచ్చాక కూర్చోబెట్టి పట్టండి.

ఇనూయి బృందమే 1999లో అమెరికాలో 70 ఏళ్లు దాటిన 852 మంది రోగుల మీద ఒక అధ్యయనం ప్రచురించింది. మామూలు సంరక్షణలో 15 శాతం మందికి డెలీరియం వస్తే, వాళ్ల పద్ధతిలో చూసుకున్నవాళ్లలో 9.9 శాతం మందికే వచ్చింది. అందులో కొత్త మందేమీ లేదు. నడిపించారు, నీళ్లు తాగించారు, రాత్రి నిద్ర చెడకుండా చూశారు, కళ్లద్దాలు పెట్టారు, చెవి వినబడేలా చేశారు, ఏ రోజో ఎక్కడున్నారో చెబుతూ ఉన్నారు. అంటే మన పనే! మన దగ్గర కళ్లద్దాలు, కట్టుడు పళ్లు పోతాయని ఇంటివాళ్లు సంచిలో దాచేస్తారు. తీయించండి. తెల్లవారుజామున ఫోన్‌లో సన్నగా సుప్రభాతం పెట్టమనండి. ఈ ఊరి అవ్వకు అంతకంటే మంచి గడియారం లేదు. నగరి, పుత్తూరు వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పెద్దవాళ్లు ఉంటారు. జబ్బులో చిన్నప్పటి మాటే ముందుకొస్తుంది. మీలో తమిళం వచ్చినవాళ్లను ఆ మంచం దగ్గర వేయమని అడగండి.

ఇక డిమెన్షియా ఉన్న అవ్వ "ఇంటికి పోవాల, మా ఆయన ఎదురుచూస్తా ఉంటాడు" అంటుంది. ఆయన పోయి పదేళ్లయింది. ఆ మాట ఆమెకు చెప్పకండి. చెప్పిన ప్రతిసారీ ఆమెకు ఆయన అప్పుడే పోయినట్టు ఉంటుంది. ఎదురుగా వచ్చి, చేయి పట్టుకుని, "ఆయనకు ఏం వండేదానివి అవ్వా?" అని అడగండి. సంగటి, ఊరిబిండి గురించి చెబుతూ చెబుతూ ఆమె కూర్చుంటుంది.

గోల అణచడానికి ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందులు, రోగి తనకో పక్కవాళ్లకో ప్రమాదం తెచ్చుకునే పరిస్థితిలోనే, డాక్టర్ రాస్తేనే, తక్కువ మోతాదులో. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో ఇలాంటి మందుల వల్ల మరణం ముప్పు పెరుగుతుంది. నైట్ డ్యూటీ ప్రశాంతంగా గడవడానికి సూది అడగకండి. ముందు ట్యూబు చూడండి, పొట్ట చూడండి, నొప్పి ఉందేమో చూడండి.

ఇంతే నేను చెప్పదలచుకున్నది. ఇప్పుడు ఇద్దరు ముందుకు రండమ్మా. ఒకరు అవ్వ, ఒకరు సిస్టర్. శనివారం నుంచి వెనక్కి అడగడం చేసి చూద్దాం.